కన్నతల్లి మాట చెల్లదు

"కన్నది నేనాయె. నా మాట చెల్లదట, కోర్టుకాడ కూసున్న తెల్వనాయన మాట చెల్తదట!" అంది మా అక్క.

కెనడాలో ఉన్న కూతురు తల్లిదండ్రులను శాశ్వతంగా తన దగ్గరికి పిలిపించుకోవడానికి స్పాన్సర్ చేసింది. ఈమె నా తల్లి అని రుజువు పెట్టాలి. ఆ రుజువేమో బోధన్ దగ్గరి మా ఊళ్లో చేత్తో రాసిచ్చిన ఆ కూతురి జనన పత్రం, అంతా తెలుగే. నేను తెలుగు పాఠాలు చెప్పి చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి, అయినా నా అనువాదం పనికిరాదు. అక్కడి నిబంధనల్లో అమ్మానాన్నలు, తోబుట్టువులతో పాటు మేనమామ కూడా అనర్హుడే. ఎంత దగ్గరి చుట్టమైతే, ఎంత ఎక్కువ తెలిస్తే, సాక్ష్యం అంత చెడుతుందన్నమాట.

నిజామాబాద్ కోర్టు దగ్గరి నోటరీ వకీలు గారు పని తెలిసిన మనిషి. ఒరిజినల్‌నూ జిరాక్స్‌నూ పక్కపక్కన పెట్టి, నంబరు మీద గోరు ఆనించి ఒక్కో అంకె చదివారు. కాగితం మడతలో ఇంటిపేరు అక్షరం నల్లగా ముద్దకట్టిందని మళ్లీ జిరాక్స్ తీయించుకు రమ్మన్నారు. అనువాదం చేసినాయన చేత అఫిడవిట్ మీద ఎదురుగా సంతకం పెట్టించి, రిజిస్టర్లో ఎక్కించి, ముద్ర కొట్టారు. ఒకప్పుడు పచ్చ సిరాతో ఎందరో పిల్లల టెన్త్ మెమోల మీద నేను కూడా అలాగే సంతకాలు చేశాను. ఆ సంతకం సత్తా ఎంతో నాకు తెలుసు. నకలు అసలు లాగే ఉందని చెబుతుంది, అంతే. అసలు నిజమా కాదా అన్నది దానికి పట్టదు.

మరి అది పట్టేదెవరికి? మా జిల్లాలో గల్ఫ్ పోయేవాళ్లనడగండి. దుబాయికి డిగ్రీ సర్టిఫికెట్ పంపాలంటే రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, అది నిజమని ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, దాని మీద ఎంబసీ ముద్ర. బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'లో వేసిన ప్రశ్న ఇదే: వస్తువులకు రుజువు ప్రమాణాలైతే, ప్రమాణాలకు రుజువేది? ఇంకో ప్రమాణమంటే దానికింకొకటి. ఇక అంతుండదు. జ్ఞానం నిజమని తేలాలంటే బయటి ఆధారం కావాలని న్యాయ దర్శనం వాళ్లయిన నైయాయికులు పట్టుబట్టారు. జ్ఞానం తనంతట తానే ప్రమాణం, తప్పని తేలేదాకా నమ్మాల్సిందేనని మీమాంసకుడు కుమారిల భట్టు వాదించాడు. వీసా ఆఫీసులు నైయాయికుల పక్షం. మా ఊరు మొదట్నించీ కుమారిలుడి పక్షమే.

అయితే అక్క కాగితాన్ని ముద్రల మీదుగా పైకి కాకుండా కిందికి తవ్వుతూ పోతే తమాషా కనిపిస్తుంది. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇంట్లో కాన్పయితే కబురు చెప్పాల్సింది ఇంటిపెద్ద. అక్క పురుడు పుట్టింట్లోనే అయింది. మా నాన్న వెళ్లి చెప్పాడు. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. మంత్రసాని సాక్ష్యం కూడా అడగకుండా రాసుకున్నారు. అక్కడి నుంచి కెనడా దాకా పోయిన ప్రతి ముద్రా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. పునాదిలో చుట్టం మాటే ఉంది, మేడ మీద మాత్రం చుట్టాలకు ప్రవేశం లేదు!

దీని గురించి మా బళ్లో పనిచేసిన ఉర్దూ పండితుణ్ణి కదిలించాను. ఖురాన్‌లో అప్పు రాసుకోవాలనీ, సాక్షులుండాలనీ 'బఖరా' సూరాలో ఉందని చెప్పాడు. "కానీ సాబ్, 'నిసా' సూరాలో ఇంకో మాటుంది. సాక్ష్యం న్యాయంగా చెప్పాలె, తల్లిదండ్రులకు, చుట్టాలకు, ఆఖరికి నీకే ఎదురైనా సరే," అన్నాడు. చుట్టరికం ఉంటే పక్కకు జరగమనలేదు, చుట్టరికం ఉన్నా నిజం చెప్పమంది. చాలా బరువైన షరతు. అంత బరువు మోసే మనుషులు ఎందరుంటారో లెక్క తేలక సర్కార్లు చుట్టాలను మొత్తంగా తప్పించేశాయి. నాకది అవమానంగా తోచడం లేదు గానీ, అక్కకు ఈ మాట చెప్పే ధైర్యం లేదు.

ఇప్పుడు అదే దరఖాస్తులో బావ ఉద్యోగం రుజువు మిగిలింది. శక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌లో పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది, సర్వీస్ సర్టిఫికెట్ కాగితం వానకు తడిసి పోయింది. పక్క క్వార్టర్లో ఉంటూ అదే షిఫ్టు చేసినాయన అఫిడవిట్ ఇస్తానన్నాడు. ఆయనకూ బావకూ ఇరవయ్యేళ్లుగా మాటల్లేవు. నోటరీ గారు విని, "మంచిదే, చుట్టం కాదు గదా!" అన్నారు.