రెండంతల నూనె

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 15:36–39, 1 తిమోతి 3:6, 2 తిమోతి 4:11



పడి లేచినవానిని సంఘము క్షమించిన తరువాత అతనికి వెంటనే పని అప్పగింపవలెనా, లేక కొంతకాలము ఆగవలెనా? ఆగుమనుట, మనము నిజముగా క్షమింపలేదనుటకు గురుతు కాదా? ఈ ప్రశ్న మమ్మును చాలకాలము బాధించినది. జవాబు వెదకుటకు మాకు సహాయపడినది సముద్రపు ఒడ్డున విప్పి బిగించిన ఒక బోటు మోటారు.

మా సంఘములో వేటకు పోవు సహోదరుడొకడు కలడు. అతని బోటు వెనుక తగిలించు రెండు స్ట్రోకుల మోటారు పాడైనప్పుడు, మేస్త్రీ దానిని పూర్తిగా విప్పి, సిలిండరు లోపలి గోడను సానబట్టి, క్రొత్త పిస్టను, క్రొత్త రింగులు వేసెను. “అబ్బాయీ, పది గంటలు ఓపిక పట్టు. తొందరపడితే మళ్లీ నా దగ్గరికే వస్తావు” అని చెప్పి పంపెను. కాని మరునాడు చేపలు పడుచున్నవని వినబడెను. తోటివారి బోట్లు ముందు పోవుచుండెను. మన సహోదరుడు పిడిని చివరివరకు త్రిప్పెను. కొంతసేపటికే పిస్టను పట్టివేసెను. బోటును త్రాటితో లాగుకొని వచ్చిరి.

దీనికి కారణము గూఢమైనది కాదు. సానబట్టిన గోడమీద సన్నని గీతలుండును. క్రొత్త రింగులు వాటిపై ఒరిసి ఒరిసి గోడకు అమరవలెను. అమరకముందు ఒరపిడి ఎక్కువ, వేడి ఎక్కువ. పిస్టను అల్యూమినియముది గనుక వేడికి ఇనుప గోడకంటె ఎక్కువగా ఉబ్బును. సందు చాలక బిగిసిపోవును. అందుచేత చాల మోటారులకు మొదటి 10 గంటలు ఒక నియమముండును. మామూలుగా 50 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు నూనె కలుపుచోట, ఆ గంటలలో 25 లీటర్లకే 1 లీటరు కలుపుదురు. మొదట సగము వేగము మించరు. తరువాత కొంచెము కొంచెముగా పెంచి, మరల తగ్గించుచుందురు. మోటారును చల్లార్చు నీరు సన్నధారగా బయట పడుచున్నదా అని చూచుచుందురు.

మోటారును రెండవమారు బాగుచేసిననాడు మేమును అక్కడ నుంటిమి. సహోదరుడు భయపడి, “అయితే వారం రోజులు ఒడ్డు దగ్గరే మెల్లగా తిప్పుకుంటాను, మేస్త్రీ గారూ” అనెను. మేస్త్రీ తల అడ్డముగా ఊపెను. “అదీ తప్పే. బరువు పడకుండా ఊరికే తిరిగితే రింగులు కూర్చోవు. గోడ నున్నబడిపోతుంది. పని చెయ్యాలి, కాని కొలతగా చెయ్యాలి.”

ఈ మాట మాకు గుచ్చుకొనెను. ఏలయనగా మేమును ఆ సహోదరునివలెనే చేసియుంటిమి. త్రాగుడు మాని తిరిగివచ్చిన ఒక యౌవనస్థునిగూర్చి మిక్కిలి సంతోషించి, మూడవ నెలలోనే కానుకల లెక్క అతని చేతిలో పెట్టితిమి. ప్రతి సభలో అతనిచేత సాక్ష్యము చెప్పించితిమి. అతడు మరల పడెను. ఊరంతయు అతనిని నిందించెను. మమ్మును ఎవరును నిందింపలేదు. అతడు కన్నీటితో రెండవమారు వచ్చినప్పుడు, “ఇక అతనిని వెనుకనే కూర్చుండనియ్యండి, అయ్యగారూ” అని కొందరు పెద్దలనిరి. మొదటిది తొందర, రెండవది ఊరికే త్రిప్పుట. రెండును పాడుచేయునవే.

క్రొత్తగా విశ్వసించినవానిని అధ్యక్షునిగా నియమింపవద్దని పౌలు తిమోతికి వ్రాసెను. ఆయన మార్కును వెంట తీసికొనిపోవుటకును ఒప్పుకొనలేదు. బర్నబా మాత్రము మార్కును ఇంటివద్ద విడువలేదు, ఒంటరిగా పంపనులేదు. తనతోకూడ కుప్రకు ఓడ నెక్కించుకొని పోయెను. తరువాత చెరలోనుండి పౌలే అతనిని పిలిపించి, తన పరిచర్యకు అతడు ప్రయోజనకరుడని ఒప్పుకొనెను.

కాబట్టి మా జవాబు ఇది. క్షమాపణ ఒక్కనాడే సంపూర్ణముగా ఇయ్యవలెను; భారము మాత్రము కొలతగా ఇయ్యవలెను. అయితే ఆ కొలత ప్రేమయా, శిక్షయా అని ఎట్లు తెలియును? రెండు ప్రశ్నలు వేసికొందము. దానికి ముగింపు ఉన్నదా? మోటారుకు 10 గంటలే గాని జీవితకాలము కాదు. రెండవది, నూనె రెండంతలు పోయుచున్నామా? వేగము తగ్గించిన దినములలోనే నూనె ఎక్కువ కావలెను. పని తగ్గించి పలుకరింపును కూడ తగ్గించినయెడల, అది శిక్షయే.

మోటారుకు మనస్సు లేదు, మనుష్యునికి ఉన్నది. తన పాటునకు అతడును ఉత్తరవాది. కాని పట్టివేసిన పిస్టనును మేస్త్రీ పారవేయును. దేవుడు మనుష్యుని పారవేయడు.

ఇప్పుడు ఆ యౌవనస్థుడు ఆదివారమున చాపలు పరచుచున్నాడు. సాయంకాలము ఇండ్లలో ప్రార్థనకు మాతో వచ్చుచున్నాడు. ఒక పెద్ద ప్రతిదినము అతని గుమ్మము త్రొక్కుచున్నాడు. వచ్చే కోతల పండుగకు ఇద్దరితో కలిసి కానుకలు లెక్కించును. అతడు నిలుచునని మేము పూచీపడలేము. అయితే ఈమారు పడినను, నూనె లేక పడెనని ఎవరును చెప్పకుందురుగాక.

మీ సంఘములో వెనుక కూర్చున్నది ఎవరు? ఈ వారము వారి యింటికి వెళ్లుడి. ప్రభువు మనకు ఓపికయు, కొలతయు దయచేయునుగాక. ఆమేన్.