నీడ ఎవరిది?

ముసవ్విర్ అంటే రూపమిచ్చేవాడు. అల్లా తొంభైతొమ్మిది పేర్లలో ఇదొకటి. అందుకే మాలో చాలామందికి బొమ్మ గీయడమన్నా, ఫొటో తీయడమన్నా లోపలెక్కడో జంకు. రూపమివ్వడం ఆయన పని, మనిషి పని కాదని. అదే మాటను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఫొటోగ్రాఫర్ దీన్ దయాళ్‌కు బిరుదుగా ఇచ్చాడు. రాజా ముసవ్విర్ జంగ్! దీన్ దయాళ్ జైనుడు. ఆయనే 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టించాడు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషావిడ. పర్దా ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి చూపు పడకుండా ఫొటో దిగే ఏర్పాటది. ముసల్మానులు బొమ్మకు శత్రువులని తేల్చేసేవాళ్లకు ఈ చరిత్ర గుర్తుండదు.

ఉలేమాలలోనూ ఒక్క మాట లేదు. కొందరు హరామన్నారు. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ మాత్రం ఫొటో అంటే కొత్త రూపాన్ని పుట్టించడం కాదని, నీడను పట్టి ఉంచడమేనని వాదించాడు. హజ్‌కు పోవాలన్నా పాస్‌పోర్టు మీద ఫొటో ఉండాల్సిందే. 1993లో ఎన్నికల సంఘం ఫొటో గుర్తింపు కార్డులకు ఆదేశించాక, ఓటు వేయడానికి కూడా ముఖం చూపించాల్సి వచ్చింది. అవసరం ముందు ఫత్వాలు సర్దుకున్నాయి.

నీడను పట్టి ఉంచడం అన్న మాట మాకు నచ్చింది. కానీ అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. పట్టి ఉంచిన ఆ నీడ ఎవరిది? తీసినవాడిదా? దిగినవాడిదా? చూసేవాడిదా?

పత్రికల్లో మా నీడలు ఎన్ని రకాలో లెక్కపెట్టండి. రంజాన్‌కు వరసగా సజ్దాలో వంగిన వీపులు. చార్మినార్ దగ్గర గాజులు బేరమాడే నల్ల బుర్ఖా. అల్లర్లయితే ఏడుపు. ఈ మూడింటి మధ్యలో బతికే మేం మాత్రం కనపడం. బీడీలు చుట్టే చేతులు, దూది ఏకే విల్లు, పంక్చర్లు వేసే కుర్రాడి నవ్వు ఎవరికి కావాలి?

2002లో అహ్మదాబాద్‌లో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ అర్కో దత్తా తీసిన ఫొటో అందరికీ తెలుసు. రెండు చేతులూ జోడించి, కళ్లనిండా నీళ్లతో ప్రాణభిక్ష అడుగుతున్న యువకుడు. అతనొక దర్జీ. ఆ ఫొటో దేశం మనస్సాక్షిని తట్టింది, నిజమే. కానీ ఆ తర్వాత అతను ఎక్కడికి పోయినా ఆ ముఖం అతనికంటే ముందు పోయింది. కొంతకాలం ఊరు విడిచి కలకత్తాలో తలదాచుకున్నాడు. పార్టీలు ఆ ఫొటోను తమ ప్రచారానికి వాడుకుంటే అతనే అభ్యంతరం చెప్పాడు. అతని పేరు మేమిక్కడ రాయడం లేదు. ఒక్క క్షణపు భయాన్ని జీవితాంతం మోసినవాడిని మళ్లీ పేరు పెట్టి పిలవడం దేనికి?

అట్లాగని ఆ ఫొటో తీయకుండా ఉండాల్సిందా? అట్లా అనలేం. తీయకపోతే ఏమీ జరగలేదనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడే ఫొటోగ్రాఫర్ పని ధర్మసంకటంగా మారుతుంది. ఈ సంకటంలో బతికి, అందులోనే ప్రాణం వదిలినవాడు దానిష్ సిద్దిఖీ.

ఢిల్లీ జామియా మిలియాలో చదివి, మొదట టీవీ విలేకరిగా పనిచేసి, 2010లో ఇంటర్న్‌గా రాయిటర్స్‌లో చేరాడు. మోసుల్ యుద్ధం, నేపాల్ భూకంపం, హాంకాంగ్ నిరసనలు - కెమెరా భుజాన వేసుకుని అన్నిచోట్లకూ పోయాడు. 2017లో పడవ దిగి బంగ్లాదేశ్ ఒడ్డు చేరిన ఒక రోహింగ్యా స్త్రీని ఫొటో తీశాడు. ఆమె వంగి నేలను చేత్తో తాకుతోంది. ఆ ఫొటోలో కన్నీళ్లకంటే ముందు ఆ చెయ్యి కనపడుతుంది. ప్రాణం నిలిచిందని మట్టిని ముట్టి చూసుకునే చెయ్యి. రోహింగ్యాలపై ఫొటోలకు 2018లో రాయిటర్స్ బృందానికి వచ్చిన పులిట్జర్‌లో అతనూ ఉన్నాడు. హైదరాబాదు బాలాపూర్ బస్తీల్లో తలదాచుకున్న రోహింగ్యాలను చూసినవాళ్లకు ఆ చెయ్యి కొత్తది కాదు.

2020 ఫిబ్రవరిలో ఢిల్లీ అల్లర్లలో నేలమీద ముడుచుకుపోయిన ఒక ముస్లింను గుంపు కర్రలతో కొడుతుంటే అతను ఫొటో తీశాడు. కాపాడకుండా ఫొటో తీస్తాడా అని అడగడం తేలిక. ఆ గుంపు అతని పేరేంటని అడిగి ఉంటే? కెమెరా కళ్లకు అడ్డం పెట్టుకున్నంత మాత్రాన పేరు దాగదు. ఇతరులకు వృత్తిలో ప్రమాదం. మాకు వృత్తిలోనూ పేరులోనూ ప్రమాదం.

సెక్యులర్ మిత్రులు అంటారు, అతన్ని ఫొటోగ్రాఫర్‌గానే చూడండి, ముస్లిం అని ఎందుకు విడదీస్తారని. మేమూ అదే కోరుకుంటాం. కానీ 2021 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయినవాళ్ల చితులు ఢిల్లీలో వరసగా మండుతుంటే అతను తీసిన ఫొటోలను చూసి, మా చితులను ప్రపంచానికి చూపించాడని తిట్టినవాళ్లున్నారు. ఆ జులై 16న అఫ్గానిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్‌లో అతన్ని తాలిబన్లు చంపితే సంబరపడినవాళ్లూ ఉన్నారు. విడదీసింది మేం కాదు. రోహింగ్యాల కన్నీటినీ, హిందువుల చితులనూ ఒకే కంటితో చూసినవాడతను. అతన్ని మాత్రం రెండు కళ్లతో చూశారు. ఆ చితుల ఫొటోలున్న కోవిడ్ చిత్రాలకే 2022లో మరణానంతరం రెండో పులిట్జర్ వచ్చింది.

ఫొటో తీస్తే న్యాయం దానంతటదే జరుగుతుందని మేం అనడం లేదు. 2017లో అల్వర్‌లో పెహ్లూ ఖాన్‌ను కొడుతున్న వీడియో దేశమంతా చూసింది. 2019లో కింది కోర్టు ఆరుగురు నిందితులనూ సంశయలాభంతో వదిలేసింది. కనపడటం వేరు, చూడటం వేరు, చూసి కదలడం వేరు. మొదటిది మాత్రమే ఫొటోగ్రాఫర్ చేతిలో ఉంది.

మరి నీడ ఎవరిది? మా జవాబు మా మాటలోనే ఉంది: అమానత్. నమ్మి దాచుకోమని ఇచ్చిన సొమ్ము. అది దాచినవాడిది కాదు, వాడుకునే హక్కు వాడికి లేదు, అడిగిననాడు అప్పగించాలి. మా చిన్న ఊళ్లలో స్టూడియో పెట్టుకున్న సాయిబులకు ఇది ఎవరూ నేర్పలేదు. ఎర్రబల్బు కింద హైపోలో కడిగి ఆరేసిన నెగెటివ్‌లలో ఊరందరి ఆడపిల్లలూ ఉండేవాళ్లు, రెడ్ల ఇంటి పిల్లా, మాలపల్లె పిల్లా. షోకేసులో ఒక ఆడపిల్ల ఫొటో పెట్టాలంటే ఇంట్లోవాళ్లను అడిగి పెట్టేవాళ్లు. అడక్కుండా పెట్టినవాడి షాపుకు మళ్లీ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ కట్టుబాటు ఏ చట్టంలోనూ లేదు. నమ్మకం మీద నడిచింది.

ఇవాళ కెమెరా ప్రతి జేబులో ఉంది. కొట్టేవాడే ఫొటో తీసి, తనే పంచి, తనే గొప్ప చెప్పుకుంటున్నాడు. వాడి చేతిలో నీడ అమానత్ కాదు, వేట తెచ్చిన తోలు. అందుకే కెమెరా పట్టుకోవడం హరామా హలాలా అన్న చర్చ దగ్గరే మేం ఆగలేం. పట్టుకున్న నీడను ఏం చేస్తున్నావన్నదే ఇప్పటి ప్రశ్న. ఆ ప్రశ్న తీసేవాడికెంతో చూసేవాడికీ అంతే. మా ముఖాలు చూశారు. ఇక మీ దగ్గరున్న అమానత్‌కు లెక్క చెప్పండి.