దిండులో దాచబడిన వాక్యము

పాఠ్యభాగము: సామెతలు 31:10–31

సామెతల గ్రంథపు చివరి అధ్యాయములో వర్ణింపబడిన స్త్రీని మన సంఘములు రెండు దినములలో తప్పక స్మరించుచుండును. ఒకటి పెండ్లి దినము. రెండవది భూస్థాపన దినము. పెండ్లినాడు ఆ మాటలు ఆశీర్వాదముగా వినబడును. భర్త తలవంచుకొని, పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని నిలిచియుండగా అవే మాటలు చదువబడునప్పుడు వినుట కష్టము. ఏలయనగా ఆ అధ్యాయములో ఉన్ని యున్నది, కదురున్నది, రాత్రి ఆరిపోని దీపమున్నది. పోయినవారి సద్గుణములను తలంచుకొని ధైర్యము తెచ్చుకొనవచ్చును గాని, వారు సగము కుట్టి విడిచిన వస్త్రమును చూచి ఓర్చుకొనుట సులభము కాదు. యొప్పేలో దొర్కా మృతినొందినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఆమె సుగుణములను వివరింపలేదు. ఆమె కుట్టిన అంగీలను చూపిరి.

మన తెలుగు బైబిలు ఆ స్త్రీని గుణవతి యని పిలుచుచున్నది. ఆ స్థానమున హీబ్రూ మూలములో ‘ఖయిల్’ అను పదమున్నది. బలమునకును, శౌర్యమునకును, సైన్యమునకును వాడబడు పదమది. గిద్యోనును దేవదూత సంబోధించిన మాటలోను, రూతును బోయజు మెచ్చుకొనిన మాటలోను ఇదే పదము కలదు. గుణవతి యనుట తప్పని నేననను. అనువాదపు పని చేయువారెవరును ఇతరుల పదములమీద తొందరపడి తీర్పు చెప్పరు. అయితే గుణవతి యనగానే మన కన్నులకు మెల్లగా మాటలాడు ఇల్లాలు మాత్రమే కనబడును. మూలములోని స్త్రీ యుద్ధమునకు పోవు శూరునివలె నడుము కట్టుకొనినది. ఆ నడికట్టు ఎట్టిదో తెలిసికొనుటకు బర్మా దేశములో జీవించి మరణించిన ఒక భార్యను, ఒక తల్లిని జ్ఞాపకము చేసికొందము.

ఆన్ హాసెల్‌టైన్ 1789లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమందు బ్రాడ్‌ఫర్డ్ అను ఊరిలో జన్మించెను. 1812 ఫిబ్రవరిలో అదోనిరాము జడ్సన్‌ను వివాహమాడి, రెండు వారములకే ఓడ యెక్కెను. వారిని కలకత్తాలో నిలువనీయలేదు. మరుసటి సంవత్సరము మద్రాసు చేరిరి గాని అక్కడనుండియు వెళ్లగొట్టబడుదుమను భయముచేత, దొరికిన ఓడలో రంగూనుకు బయలుదేరిరి. ఆ ప్రయాణములోనే ఆమె మొదటి బిడ్డ ప్రాణము లేక పుట్టెను. వీరిని పోషించుటకు 1814లో ఏర్పడిన అమెరికను బాప్టిస్టు మిషనే తరువాత 1836లో తెలుగువారి మధ్యకు తన సేవకుని పంపెను గనుక, నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు సంఘములకు ఈ కథ పరాయిది కాదు.

మిషను చరిత్రలలో భర్త పేరు పెద్ద అక్షరములతోను, భార్య ప్రస్తావన ‘సతీసమేతముగా’ అను ఒక్క మాటతోను ముగియుట తరచుగా చూచుచున్నాము. ఆన్ విషయములో అది చాలదు. ఇల్లు నడుపుటకు బజారులో, వాకిటిలో నిత్యము మాటలాడవలసివచ్చెను గనుక వాడుక బర్మా భాష ఆమెకు భర్తకంటె త్వరగా పట్టుబడెను. దానియేలు, యోనా గ్రంథములను ఆమె బర్మా భాషలోనికి మార్చెను. రంగూనులో నివసించుచున్న సయాము దేశస్థులను చూచి వారి భాషయు నేర్చుకొని, మత్తయి సువార్తను ఆ భాషలోనికి అనువదించెను. ఆమె సయాము భాషలోనికి మార్చిన ప్రశ్నోత్తరి 1819లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. వీటి నడుమనే రోజర్ అను కుమారుని కని, ఎనిమిది నెలలు నిండకమునుపే 1816లో వానిని మట్టికి అప్పగించెను.

1824లో ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధము పుట్టగా, జూన్ 8వ తేదీన ఆవా నగరములో జడ్సన్‌ను వేగులవాడని బంధించి మరణ కారాగృహములో వేసిరి. కాళ్లకు మూడు జతల సంకెళ్లు. రాత్రివేళ ఖైదీల కాళ్ల నడుమ ఒక వెదురు దూర్చి పైకెత్తి కట్టుదురు. ఆన్ అప్పుడు గర్భవతి. ఆమె చేసిన పనులలో ఒకటి రెంటిని చెప్పెదను. నాకు అవి ప్రసంగముకంటె ప్రియముగా తోచుచున్నవి.

పండుగనాడు న్యూ ఇంగ్లండు ఇండ్లలో మాంసపు తునకలు, పండ్లు కలిపి పిండిలో పొదిగి కాల్చు వంటకమొకటి కలదు. భర్తకు ఇంటి జ్ఞాపకము కలిగించి ఒక్క పూటయైనను సంతోషపెట్టవలెనని ఆమె తలంచెను. ఆవాలో ఆ సరకులెక్కడివి? గేదె మాంసము, అరటిపండ్లు తీసికొని వాటితోనే చేసి, మాంగ్ ఇంగ్ అను నమ్మకమైన బర్మా క్రైస్తవునిచేత చెరసాలకు పంపెను. జడ్సన్ దానిని చూచెను. చిన్ననాటి బల్లయు, చుట్టు కూర్చున్న ముఖములును అతనికి కనబడెను. తల మోకాళ్లపై వాల్చి యేడ్చెను. ఒక్క తునకయైనను తినలేక, ప్రక్కనున్న తోటి ఖైదీకి దానిని ఇచ్చివేసెను. ఆ వంట వ్యర్థమాయెనని మీరనుకొందురా? నేననుకొనను.

ఇక వ్రాతప్రతి సంగతి. ఇంచుమించు పదియేండ్లు శ్రమించి జడ్సన్ 1823లో ముగించిన క్రొత్త నిబంధన అనువాదములో చాల భాగము ఇంకను అచ్చుకాలేదు. ఆన్ దానిని ఇంటియొద్ద భూమిలో పాతిపెట్టెను. చెరసాలలో భార్యను కలిసికొనినప్పుడు జడ్సన్ అడిగిన సంగతులలో ఆ ప్రతి యొకటి. వర్షములు వచ్చుచున్నవి, మట్టిలోనున్న కాగితము బూజుపట్టి నశించును. అప్పుడామె దానిని దూదిలో చుట్టి, దిండుగా కుట్టెను. అందులోనే ఆమె నేర్పున్నది: ఆ దిండు ఎంత గట్టిగా, ఎంత వికారముగా నుండెననగా చెరసాల కాపరికి సహితము దానిమీద ఆశ పుట్టలేదు. జడ్సన్ దేవుని వాక్యముమీద తలపెట్టుకొని పండుకొనెను. కొన్ని నెలలకు ఖైదీల వస్తువులను లాగుకొనినప్పుడు అది ఒక కాపరి చేతికి పోగా, ఆన్ అంతకంటె మంచి దిండు కుట్టి, దానినిచ్చి పాతదానిని మరల తెచ్చెను. 1825 మేలో ఖైదీలను హఠాత్తుగా ఆంగ్‌బిన్‌లే గ్రామమునకు తరిమినప్పుడు, ఎవడో పైచాపను ఒలుచుకొని, దూది మూటను పనికిరానిదని పారవేసెను. ఆ సాయంకాలమే మాంగ్ ఇంగ్, యజమానుని గురుతుగా నుండునని దానిని ఇంటికి తీసికొనిపోయెను. లోపల ఏమున్నదో అతనికి తెలియదు. కొన్ని నెలల తరువాత విప్పి చూడగా కాగితములు చెక్కుచెదరక యుండెను.

ఈలోగా 1825 జనవరిలో మరియ అను కుమార్తె పుట్టెను. మూడు నెలల పసికందుతో, తాను పెంచుచున్న ఇద్దరు బర్మా బాలికలతో, ఒక బెంగాలీ వంటవానితో ఆమె భర్త వెంట ఆంగ్‌బిన్‌లేకు పోయెను. ఒక బాలికకు మశూచి తగిలెను. ఆన్ తన బిడ్డకును, గ్రామములోని పిల్లలకును తన చేతితో మశూచి రసము ఎక్కించెను. తరువాత తానే జ్వరముతో పడిపోయెను, రొమ్మున పాలెండిపోయెను. జడ్సన్ కాపరుల సెలవు పొంది, సంకెళ్లతోనే పసిదానిని ఎత్తుకొని, బిడ్డలుగల తల్లులను పాలకొరకు యాచించుచు ఇంటింటికి తిరిగెను. ఆ వంటవాడు తన కులమును, తన అవసరములను కూడ మరచి, జీతమునుగూర్చి అడుగక వారికి పరిచర్య చేసెనని ఆన్ వ్రాసియున్నది. అతని పేరు చరిత్రలో సరిగా నిలువకపోయినను ఆ యిల్లు నిలిచినది కొంతవరకు అతనివలననే.

1826 ఫిబ్రవరిలో సంధి జరిగి వారు విడుదల పొందిరి. జూలైలో ఆమ్‌హర్స్టు అను క్రొత్త స్థలమున కుటుంబమును దింపి, జడ్సన్ ప్రభుత్వపు పనిమీద మరల ఆవాకు పోవలసివచ్చెను. భర్త లేని ఆ కొద్ది నెలలలో ఆన్ వెదురుతో ఒక చిన్న యిల్లు, రెండు బడిపాకలు కట్టించెను. అక్టోబరు 24న మరణించెను. ఆమె వయస్సు 36. నల్లముద్ర గల ఉత్తరము చేతికి వచ్చినప్పుడు జడ్సన్ చనిపోయినది బిడ్డయేయని తలంచెను. తల్లి మిగిలెనుగదా యని కొంత ఊరటతోనే గదిలోనికి పోయి దానిని విప్పెను. తిరిగివచ్చినప్పుడు రెండేండ్ల మరియ తండ్రిని గుర్తెరుగక బెదరి ముఖము త్రిప్పుకొనెను. ఆరు నెలలకు 1827 ఏప్రిలు 24న ఆ బిడ్డయు తల్లిప్రక్కన పండుకొనెను.

ఇక్కడ మన పాఠ్యభాగము మనలను ఇరుకున పెట్టును. 28వ వచనములో కుమారులు లేచి తల్లిని ధన్యురాలందురు. ఈమె కడుపున పుట్టిన ముగ్గురిలో లేచి పలుకుటకు ఎవరును మిగులలేదు. భర్త పొగడునని అదే వచనమనుచున్నది; ఈ భర్త నోరు చాలకాలము తెరువలేకపోయెను. అతడు 1828లో మౌల్మెయిన్ దగ్గర అడవిలో ఒక గుడిసె వేసికొని, ఒక సమాధి త్రవ్వి, దాని అంచున కూర్చుండెను. ఆమె మరణించిన మూడవ సంవత్సరాంతమున, దేవుని నమ్ముచున్నాను గాని ఆయన నాకు దొరకుటలేదను అర్థమువచ్చునట్లు వ్రాసెను. అతని విశ్వాసము బలహీనమాయెనని కొందరందురు. లాజరు సమాధియొద్ద ప్రభువు కన్నీరు విడిచినది బలహీనతవలన కాదు. ప్రేమించిన భార్య పోయినప్పుడు త్వరగా స్తుతిగీతము పాడుమని దుఃఖించువానిని తొందరపెట్టుట మన సంఘములలోనున్న క్రూరత్వములలో ఒకటి.

అయితే అధ్యాయము 28వ వచనముతో ముగియలేదు. కడపటి వచనమున పిల్లలు లేరు, భర్త లేడు. గవినులయొద్ద ఆమెను కొనియాడునవి ఆమె పనులే. గవిని యనగా న్యాయము విచారింపబడు స్థలము. భర్త బందీయైన మొదటి ఏడు నెలలలో ఆన్ ఎవరో ఒక అధికారి గుమ్మము త్రొక్కని దినము బహు అరుదు. ఆమెకు గవిని అలంకారము కాదు; ప్రతి ఉదయము నడిచిపోయి, తిరస్కారము పొంది, మరునాడు మరల పోయిన స్థలము.

జడ్సన్ ఆ సమాధి అంచునుండి లేచివచ్చెను. ఎప్పుడు, ఏ మాటవలన అని చెప్పగలిగిన దినమొకటి లేదు, మెల్లగా వచ్చెను. 1832లో బర్మా క్రొత్త నిబంధన అచ్చులో వెలువడెను. 1834 జనవరి 31న బైబిలంతటి అనువాదపు చివరి పుటను చేతపట్టుకొని అతడు మోకాళ్లూనెను. అప్పటికి ఆన్ కుట్టిన ఆ దిండును విప్పి ఎనిమిదేండ్లు గడచినవి.