ఎవరి మాట మీద తలుపు తీయాలి?

కంటితో చూడని విషయాన్ని, సొంతంగా ఊహించి తేల్చుకోని విషయాన్ని, మరొకరి మాట మీద నిజమని ఒప్పుకుంటే దాన్ని జ్ఞానం అనవచ్చా? మన దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ఈ ప్రశ్న ఇప్పుడు కంప్యూటర్ నెట్‌వర్కుల కాపలా దగ్గర మళ్లీ ఎదురవుతోంది. కెర్బరోస్ అనే గుర్తింపు వ్యవస్థ దశాబ్దాలుగా ప్రధానంగా తనతో ఒక రహస్యం పంచుకున్నవారినే లోపలికి రానిచ్చింది. ఇప్పుడు దానికి వెబ్ టోకెన్లను అంగీకరించడం నేర్పుతున్నారు. బయట ఇంకెవరో ‘వచ్చినవాడు ఫలానా’ అని సంతకం చేసి ఇచ్చిన మాటను నమ్మి తలుపు తీయమంటున్నారు. సౌకర్యం కోసం భద్రతను తాకట్టు పెట్టడమే ఇదని కొందరి అభ్యంతరం. సంతకం సరిపోయాక ఇంకా అనుమానం దేనికని మరికొందరి ధీమా. ఈ రెండు వైఖరులూ నిలబడవని నా వాదన. ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, మాట నిజంగానే ప్రమాణం. అయితే దానికున్న హద్దులతో సహా స్వీకరించినప్పుడే అది ప్రమాణమవుతుంది. ఆ హద్దులను చూసుకునే బాధ్యత చెప్పినవాడి మీద ఎంత ఉందో, విన్నవాడి మీదా అంతే ఉంది.

ముందు పాత పద్ధతి సంగతి చూద్దాం. 1983లో ఎంఐటీలో మొదలైన ప్రాజెక్ట్ ఎథీనాలో కెర్బరోస్ పుట్టింది. కంప్యూటర్ శాస్త్రవేత్తలు నీడ్‌హామ్, ష్రోడర్ 1978లో ప్రతిపాదించిన పద్ధతి దానికి పునాది. పాస్‌వర్డును నెట్‌వర్కు మీదికి ఎక్కించకుండానే మనిషిని గుర్తించడం దాని లక్ష్యం. ఇందులో కేడీసీ అనే కేంద్రం ఒకటి ఉంటుంది. పాస్‌వర్డు నుంచి తయారైన కీ వాడుకరికీ ఆ కేంద్రానికీ మాత్రమే తెలుసు. ఆ కీ తన దగ్గరుందని వాడుకరి రుజువు చేసుకుంటే కేంద్రం టికెట్ ఇస్తుంది. ఫైళ్ల సర్వరు ఆ టికెట్‌ను తన సొంత కీతో విప్పి, లోపలున్న పేరు చదివి, అడిగిన ఫైలు ఇస్తుంది. ఆ సర్వరు వాడుకరి పాస్‌వర్డును ఎన్నడూ చూడలేదు. కేంద్రం చెప్పింది కాబట్టి నమ్మింది, అంతే. ఆ కేంద్రానికైనా తెలిసిందేమిటి? రహస్యం ఎరిగినవాడు వచ్చాడని మాత్రమే. ఆ రహస్యం ఫలానా మనిషిదన్న సంగతి, మొదట్లో ఖాతా తెరిచిన ఉద్యోగి నమోదు చేసిన మాట. కాబట్టి పాత వ్యవస్థ స్వయంగా ఎరిగి నమ్మేదనీ, కొత్తది విని నమ్ముతుందనీ గీత గీయడం కుదరదు. పాతదీ వినికిడి మీదే నిలిచింది. ఆ మాట చెప్పేవాడు ఇంట్లోవాడు కావడం వల్ల మనం దాన్ని వినికిడిగా లెక్కపెట్టలేదు.

ఇక కొత్తగా వచ్చిన మాట ఎలాంటిది? జేసన్ వెబ్ టోకెన్ రూపాన్ని 2015 మేలో ఆర్‌ఎఫ్‌సీ 7519 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్ధారించింది. సంతకం చేసిన టోకెన్‌లో మూడు భాగాలుంటాయి. ఏ పద్ధతిలో సంతకం చేశారో మొదటి భాగం చెబుతుంది. రెండో భాగంలో అసలు వాంగ్మూలం ఉంటుంది: ఎవరు చెబుతున్నారు, ఎవరి గురించి, ఎవరికి ఉద్దేశించి, ఎంతవరకు చెల్లుతుంది అన్నవి. మూడోది సంతకం. వెబ్‌లో మనుషుల గుర్తింపు ఇప్పుడు ఎక్కువగా ఇలాంటి టోకెన్ల మీదే నడుస్తోంది. మరోవైపు పెద్ద ఎత్తున డేటాను దాచే హడూప్ వంటి వ్యవస్థలు భద్రత కోసం కెర్బరోస్‌ను ఆశ్రయించాయి. ఒకే మనిషికి రెండు లోకాల్లో రెండు గుర్తింపులు ఉండాల్సిన అవసరం ఇలా వచ్చింది. ఈ ఎడం పూడ్చడానికి అపాచీ కెర్బీ వంటి ప్రాజెక్టుల్లో టోకెన్‌ను కేడీసీకి చూపి టికెట్ పొందే మార్గం కల్పించారు. కేంద్రం టోకెన్ మీది సంతకాన్ని, చెప్పినవారిని, గడువును పరిశీలించి, సంతృప్తి చెందితే తన టికెట్ తాను రాసి ఇస్తుంది. బయటివాడి మాట ఈ క్షణంలో ఇంటివాడి మాటగా మారుతోంది. తాత్త్విక ప్రశ్న ఉన్నది సరిగ్గా ఈ మార్పు దగ్గరే.

న్యాయ దర్శనం ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి ఊహించి తేల్చుకోవడం), ఉపమానాలతో పాటు శబ్దాన్ని, అంటే ఒకరు చెప్పిన మాటను, నాలుగో ప్రమాణంగా ఒప్పుకుంది. అయితే ప్రతి మాటకూ ఆ హోదా ఇవ్వలేదు, ఆప్తుడి మాటకే ఇచ్చింది. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి ప్రకారం ఆప్తుడు విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని ఆయన తేల్చి చెప్పాడు. మన చర్చకు ఇది చాలా ముఖ్యం. ఆప్తత్వం పుట్టుకతోనో, మన ప్రహరీ లోపల ఉండటం వల్లనో వచ్చేది కాదు. విషయంతో ఉన్న సంబంధం వల్ల, నిజాయితీ వల్ల వచ్చేది. టోకెన్ ఇచ్చిన సంస్థ మన నెట్‌వర్కు బయటిదన్న ఒక్క కారణంతో దాని మాటను తోసిపుచ్చడం ఈ లెక్కన తర్కం కాదు. అలాగే తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు ఆప్తుణ్ని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడిగా నిర్వచించినప్పుడు, ఆ గౌరవం చెప్పిన విషయానికి కట్టుబడే ఉంటుంది. కంటి వైద్యుడి మాట కంటి జబ్బు విషయంలో చెల్లుతుంది గానీ పొలం సరిహద్దు తగాదాలో చెల్లదు. కాబట్టి ‘ఈ సంస్థ నమ్మదగినదా’ అన్న ప్రశ్న సగమే. ఏ విషయంలో, ఎవరి గురించి, ఎప్పటివరకు అన్నవి కూడా చేరితేనే అది పూర్తవుతుంది.

విషయపు హద్దును మరిచిపోతే ఏమవుతుందో 2023లో లోకం చూసింది. మైక్రోసాఫ్ట్ సంస్థ వ్యక్తిగత ఖాతాలకు సంతకం చేసే కీ ఒకటి చొరబాటుదారుల చేతికి చిక్కింది. దాంతో వాళ్లు టోకెన్లను సృష్టించి, అమెరికా ప్రభుత్వ విభాగాలతో సహా దాదాపు 25 సంస్థల మెయిల్ ఖాతాల్లోకి దూరారు. కీ దొంగిలించడం ఒక ఎత్తు. వ్యక్తిగత ఖాతాల కోసం మాత్రమే ఉన్న కీతో చేసిన సంతకాన్ని సంస్థల మెయిల్ వ్యవస్థ ఆమోదించడం మరో ఎత్తు. టోకెన్ పరిశీలన అంతా లైబ్రరీయే (ముందే రాసిపెట్టి ఉన్న కోడే) చేస్తుందని మెయిల్ వ్యవస్థ రాసినవారు అనుకున్నారనీ, సంతకం ఎవరి పరిధిలోదో చూసే పని మిగిలిపోయిందనీ ఆ సంస్థే తర్వాత వివరించింది. సంతకం గణితపరంగా నూటికి నూరు పాళ్లు సరైనదే. లోపించిందల్లా ‘ఈ విషయంలో మాట్లాడే అధికారం ఈ కీకి ఉందా’ అని అడగడం. అంతకుముందు 2015లో బయటపడిన లోపం ఇంకా మౌలికమైనది. సంతకమే లేదని టోకెన్ తనంతట తాను ప్రకటించుకుంటే, కొన్ని లైబ్రరీలు దాన్ని సరైన టోకెన్‌గానే స్వీకరించాయి. తనను ఎలా పరీక్షించాలో సాక్షినే నిర్ణయించుకోనిచ్చారన్నమాట. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8725 ఇలాంటి అనుభవాల నుంచే జాగ్రత్తలను క్రోడీకరించింది.

ఆప్తుడి మాట ప్రమాణమన్న నా వాదనకు మొదటి అభ్యంతరం బౌద్ధుల నుంచి, వైశేషికుల నుంచి వస్తుంది. శబ్దం వేరే ప్రమాణం కాదు, అది అనుమానంలో ఒక రకమేనని వాళ్ల పక్షం. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ సాక్షుల మాటకున్న బలాన్ని కూడా మన గత అనుభవంలోంచే రాబట్టాడు. ఆ దారిలో నడిచేవారు, టోకెన్‌ను నమ్మడంలో నమ్మకమనేదే లేదు, గణితంతో సంతకం సరిచూస్తున్నాం, పొగను చూసి నిప్పును ఊహించినట్టే ఇది కూడా, అంటారు. ఇందులో సగం నిజముంది. సంతకాన్ని బట్టి ‘ఈ మాట ఫలానా కీ ఉన్నవారు అన్నదే’ అని తేల్చడం అనుమానమే. కానీ ఆ మాట నిజమన్న సంగతి సంతకంలో లేదు. లాగిన్ అయినవాడు నిజంగా ఆ ఉద్యోగేనా, అతను ఇంకా కొలువులో ఉన్నాడా అన్నవి చెప్పినవారి పరిశీలనను, నిజాయితీని బట్టి ఉంటాయి. గణితం వక్తను గుర్తుపట్టిస్తుంది, వక్తను ఆప్తుడిగా చేయలేదు. ఈ తేడా చెరిగిపోయినచోటే ధీమా మొదలవుతుంది.

రెండో అభ్యంతరం మీమాంసకులది, మరింత బలమైనది. మీమాంసా పండితుడు కుమారిలభట్టు పక్షంలో జ్ఞానం దానంతట అదే ప్రమాణం. దాన్ని బాధించే మరో జ్ఞానం ఎదురైనప్పుడో, పుట్టిన కారణంలో దోషం కనబడినప్పుడో మాత్రమే విడిచిపెట్టాలి. ప్రతి జ్ఞానానికీ మరో జ్ఞానంతో రుజువు కావాలంటే ఆ రుజువుకు ఇంకో రుజువు కావాలి, అనవస్థ తప్పదు. టోకెన్ విషయంలోనూ అంతే: సంతకాన్ని కీతో చూస్తాం, ఆ కీని ఎవరితో సరిచూస్తాం? మనుషుల సంభాషణకు ఈ వాదం చాలావరకు చెల్లుతుంది. ఎదుటివారి మాటను మొదట నమ్మకపోతే పిల్లలు భాషే నేర్చుకోలేరు. అయితే మనిషి నమ్ముతూనే కనిపెట్టుకుని ఉంటాడు. గొంతు తడబడినా, కథ పొంతన లేకపోయినా వెనక్కి తగ్గుతాడు. ప్రోగ్రాముకు ఆ మెలకువ లేదు. అది అనుమానించాల్సిన చోట్లన్నీ ముందుగానే మనిషి రాసిపెట్టాలి. ఇక అనవస్థ ఎక్కడ ఆగుతుందంటే, ఫలానా సంస్థ కీని నమ్మవచ్చని కేడీసీలో నమోదు చేసిన నిర్వాహకుడి దగ్గర. అక్కడ రుజువులు అయిపోయి, ఒక మనిషి తీసుకున్న నిర్ణయం మిగులుతుంది. గొలుసు అలా మనిషి దగ్గర ముగియడం లోపం కాదు. జవాబు చెప్పుకోవాల్సిన వారెవరో తేలేది అక్కడే.

మూడోది ఇంజినీర్ల అభ్యంతరం. మామూలు టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వారిదే, దొంగ చేతిలోనూ అదే చెల్లుబాటు. కెర్బరోస్ టికెట్ అలా కాదు. దానితో పాటు సెషన్ కీ, అంటే ఆ సంభాషణకే కేటాయించిన తాత్కాలిక కీ, తెలిసి ఉండాలి, ఆ కీతో సమయాన్ని గుప్తీకరించి పంపాలి, గడియారాల తేడా సాధారణంగా 5 నిమిషాలు దాటకూడదు. బలహీనమైన టోకెన్ ఇచ్చి బలమైన టికెట్ తీసుకుంటే బలహీనత ఎక్కడికీ పోదు, టికెట్ చాటున కనబడకుండా పోతుంది. ఈ అభ్యంతరం నూరు శాతం న్యాయమైనది. దీనికి జవాబు మార్గాన్ని మూసేయడం కాదు, మూలాన్ని మరుగుపరచకపోవడం. టోకెన్‌ను ఒక కీకి ముడివేసే పద్ధతిని 2016లోనే ఆర్‌ఎఫ్‌సీ 7800 చూపింది. టోకెన్‌ను కేడీసీకి రక్షిత మార్గంలోనే పంపించవచ్చు. టికెట్ గడువు టోకెన్ గడువును మించకుండా కట్టడి చేయవచ్చు. అన్నిటికన్నా విలువైనది 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8129 ఇచ్చిన సౌకర్యం: వాడుకరిని మొదట ఏ పద్ధతిలో గుర్తించారో టికెట్‌లోనే రాయవచ్చు. అప్పుడు ఫైళ్ల సర్వరు, ఇది బయటి మాట మీద వచ్చిన టికెట్ అని తెలుసుకుని, అతి సున్నితమైన ఫైళ్లకు అది చాలదని నిర్ణయించుకోగలదు. విన్నదాన్ని చూసినట్టుగా చెప్పకూడదన్న నియమం మనుషులకు ఎంత అవసరమో యంత్రాలకూ అంతే అవసరం.

ఇన్ని కట్టుబాట్లు పెట్టుకునే కన్నా బయటివారి మాటను అసలే నమ్మకుండా ఉంటే పోదా అని చివరి ప్రశ్న. పోదు. తలుపు మూసినంత మాత్రాన అవసరం ఆగదు. జనం ఒకే పాస్‌వర్డును పదిచోట్ల పెడతారు, కీలున్న ఫైళ్లను చేతులు మారుస్తారు. వాటి వెనుక ఎవరున్నారో ఏ పుస్తకంలోనూ ఉండదు. అక్కడా నమ్మకమే నడుస్తుంది, కాకపోతే ఎవరూ పరీక్షించని నమ్మకం. తానొక్కడే ఎరిగి, తానొక్కడే నిర్ధారించుకునే జ్ఞాత ఎక్కడా లేడు. మన పుట్టినరోజు దగ్గర్నుంచి మనకు తెలిసినదంతా దాదాపు ఒకరు చెప్పగా తెలిసిందే. అందుకే కెర్బరోస్‌కు టోకెన్లను నేర్పడాన్ని నేను సమర్థిస్తాను, ఒక షరతుతో. అలా ఇచ్చిన ప్రతి టికెట్ విషయంలోనూ, ఎవరి మాట మీద ఇచ్చాం, ఆ మాట దేని గురించి, ఎంతకాలానికి, ఆ వక్తను ఆప్తుడిగా ఒప్పుకున్న మనిషి ఎవరు అని అడిగితే వ్యవస్థ సమాధానం చెప్పగలగాలి. చెప్పగలిగితే అది జ్ఞానం మీద తీసిన తలుపు. చెప్పలేకపోతే, సంతకం ఎంత గట్టిదైనా, అది గుడ్డినమ్మకమే.