ఆ మాట నోరు జారే ముందు

నాయనా, నీకు గిట్టని నాయకుడు కనిపిస్తే చాలు, ‘ఫాసిస్టు’ అనేస్తున్నావు. నీ కోపాన్ని తప్పుపట్టను. ఈ వయసులో ఆ మాత్రం రోషం ఉండాల్సిందే. కాకపోతే పెద్దవాణ్ణి, ఒక మాట చెబుతాను, విను.

లంచం తిన్నవాడు లంచగొండి. పత్రికల నోరు నొక్కినవాడు నియంత. అందరినీ ఒకే గాటన కడితే అసలువాడు వచ్చిన రోజున నీ మాట ఎవరూ చెవినపెట్టరు.

అసలుది ఎలా ఉంటుందో ఇటలీ చూసింది. 1924 మే 30న సోషలిస్టు సభ్యుడు మత్తెయోత్తి పార్లమెంటులో లేచి, ఫాసిస్టులు ఎన్నికలు దౌర్జన్యంతో గెలిచారని అరుపులూ కేకల మధ్యే ఎండగట్టాడు. జూన్ 10న టైబర్ నది పక్కన నడిచి వెళ్తుంటే ఫాసిస్టు ప్రధాని ముసోలినీ మనుషులు కారులోకి ఈడ్చుకెళ్లి పొడిచి చంపారు. శవం ఆగస్టులో గానీ దొరకలేదు. మరుసటి జనవరి 3న ముసోలినీ అదే సభలో నిలబడి, జరిగినదానికంతటికీ బాధ్యత తనదేనన్నాడు. అడ్డుకున్నవాడు లేడు. 1926 చివరికల్లా ప్రతిపక్షమే లేకుండా పోయింది.

ఆ మాటను విచ్చలవిడిగా వాడితే ఏమవుతుందో జర్మనీని అడుగు. 1928 తర్వాత అక్కడి కమ్యూనిస్టులు తోటి సోషల్ డెమోక్రాట్లనే ‘సోషల్ ఫాసిస్టులు’ అని తిట్టిపోశారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కి రెండు పార్టీలనూ నిషేధించాడు. నిన్నటిదాకా తిట్టుకున్నవాళ్లు ఒకే నిర్బంధ శిబిరంలో తేలారు.

మన దగ్గర ఎమర్జెన్సీ రోజుల్లో ఇందిర పక్షం జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) ఉద్యమాన్ని ఫాసిస్టు అంది, జేపీ పక్షం ఇందిరనే ఆ మాట అంది. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో కుక్కడం, పత్రికల మీద సెన్సారు పెట్టడం నిరంకుశత్వమే, సందేహం లేదు. అయినా ఆమె 1977లో ఎన్నికలు పెట్టింది, ఓడింది, దిగిపోయింది. ముసోలినీ అలా దిగిపోయే రకం కాదు.

అలాగని నోరు కుట్టేసుకోమనడం లేదు. 1921లో ఇటలీ ప్రధాని జొలిత్తి, దారికి తెచ్చుకోవచ్చులే అనుకుని ఫాసిస్టులను తన ఎన్నికల కూటమిలో చేర్చుకున్నాడు. ఏడాదిన్నర తిరక్కుండానే ప్రధాని కుర్చీ ముసోలినీది. మరి ఎప్పుడు అనాలంటావా? ఫాసిజం మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్‌టన్ ట్రంప్‌కు ఆ పేరు పెట్టడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారుల గుంపు అమెరికా పార్లమెంటు ఉండే క్యాపిటల్ భవనం మీద పడ్డాక, ఇక ఆ మాట తప్పదన్నాడు. ఆయనతో ఏకీభవించని చరిత్రకారులు ఇప్పటికీ ఉన్నారు. నువ్వు నేర్చుకోవలసింది ఆయన తీర్పు కాదు, తీర్పు చెప్పే ముందు ఆయన పట్టిన ఓపిక.

కాబట్టి మూడు సంగతులు చూడు. చట్టానికి దొరకని కర్రల మూక అతని వెనక ఉందా? జాతి గొప్పతనం పేరుతో ఆ హింసను పుణ్యకార్యంలా కీర్తిస్తున్నారా? ఓడితే దిగిపోతాడా? ముందు అతను చేసిన పనిని తేదీతో సహా చెప్పు, పేరు తర్వాత పెట్టు. మూడింటా తేలిపోయాక మాత్రం నీళ్లు నమలకు. అతను నువ్వు ఓటేసి గెలిపించుకున్న నాయకుడైనా సరే, ఆ మాట గట్టిగా అను.