అందమైన ఇంటిని మెచ్చుకోవచ్చునా?

అందమైన ఇంటిని చూసి ఆనందించడం తప్పా? ప్రశ్న చూడడానికి చిన్నదే. కాని దీనికి జవాబు చెప్పబూనుకుంటే మన సౌందర్య దృష్టి ఎలాంటిదో, మన న్యాయదృష్టి ఎలాంటిదో రెండూ బయటపడతాయి. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్ దేశాల ఇళ్ల లోపలి గదులనూ, గ్రీసు ద్వీపాలలోని తెల్లని ఇళ్లనూ ఫోటోలలో చూసి ముగ్ధులయ్యేవాళ్లు ఇవాళ మన కాలేజీలలో చాలామందే ఉన్నారు. తెల్లని గోడ, లేతరంగు కర్రతో చేసిన కుర్చీ, పెద్ద కిటికీ, కంటికి గుచ్చుకోని దీపం - ఉత్తరాది గదిలో ఉండేది ఇంతే. అయినా చూపు తిప్పుకోబుద్ధి కాదు. మెచ్చుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఆ మెప్పుకు ఆధారమేమిటో పరీక్షించడం అవసరమనిపించింది.

దీన్ని గురించి నా విద్యార్థులలో రెండు వాదాలు విన్నాను. అందానికి వర్గం లేదు, చూసి ఆనందించు, అందులోకి రాజకీయాలు లాగకు అన్నది ఒక వాదం. తలదాచుకునే చోటు లేనివాళ్లు కోట్లమంది ఉండగా ఇంటి అలంకరణను మెచ్చుకోవడం బూర్జువా వ్యసనం, అది అభ్యుదయవాదికి తగదు అన్నది రెండవ వాదం. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని వాటి పునాది ఒక్కటే. అందం కలవారి సొత్తు అని రెండు వాదాలూ మొదటే ఒప్పుకుంటున్నాయి. ఒప్పుకున్న తర్వాత, ఆ సంగతి మరిచిపొమ్మంటాడు మొదటివాడు. ఆ అందాన్నే వదులుకొమ్మంటాడు రెండవవాడు. మనం మెచ్చుకుంటున్న ఆ ఇళ్ల చరిత్ర చూస్తే, అసలు ఆ పునాదే నిలవదు.

ఉత్తరాది ఇంటికి తొలి రూపం ఇచ్చినవాళ్లలో కార్ల్ లార్సన్, కారిన్ లార్సన్ అనే చిత్రకార దంపతులు ముఖ్యులు. కార్ల్ 1853లో స్టాక్‌హోమ్ పాతపట్నంలో కటిక దరిద్రంలో పుట్టాడు. ఇరుకు గదులూ మురికీ అతనికి చిన్ననాటి నుంచీ తెలుసు. 1888లో కారిన్ తండ్రి వాళ్లకు సుండ్‌బార్న్ అనే పల్లెలో ఒక చిన్న కొయ్య ఇల్లు ఇచ్చాడు. దాన్ని దంపతులిద్దరూ ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్నారు. అందులోని నేత బట్టలు, అనేక కుర్చీలు, బల్లలు కారిన్ ఆలోచనలోంచి వచ్చినవే. కీర్తి మాత్రం ఎక్కువభాగం భర్తకే దక్కింది. ఆ ఇంటి చిత్రాలతో 1899లో 'ఒక ఇల్లు' అనే పుస్తకం వెలువడింది. ఆనాడు ధనికుల ఇల్లంటే ముదురు రంగు తెరలు, బరువైన చెక్కడపు సామాను, వెలుతురు సోకని హాలు. లార్సన్ల ఇంట్లో ఉన్నవి వెలుతురు, తేలిక రంగులు, పిల్లలు ఆడుకునే చోటు. అంటే ఈ అందం కలవారి ఇంటికి నకలుగా పుట్టలేదు, దానికి ఎదురుగా పుట్టింది.

అదే 1899లో ఎలెన్ కేయ్ అనే స్వీడిష్ రచయిత్రి ప్రచురించిన వ్యాససంపుటి పేరు 'అందరికీ అందం'. ఆ పేరులోనే ఆమె సిద్ధాంతమంతా ఉన్నది. ధనికుల ఆడంబరాన్ని చవక సరుకుగా మార్చి పేదవాడికి అమ్మడం ఆమెకు నచ్చలేదు. తన పని తాను చక్కగా చేసే వస్తువే అందమైనదనీ, చవక కావడానికి వస్తువు వికారంగా ఉండనక్కర లేదనీ ఆమె వాదించింది. సౌందర్యాన్ని విలాసాల పట్టికలోంచి తీసి అవసరాల పట్టికలో వేసింది.

అయితే మంచి సిద్ధాంతం చెప్పినంత మాత్రాన లోకం మారదు. 1917లో స్టాక్‌హోమ్‌లో ఒక గృహప్రదర్శన జరిగింది. కార్మిక కుటుంబాలు ఉండే చిన్న ఇళ్లలో ఎలాంటి సామాను ఉండాలో అక్కడ గదులు అమర్చి చూపారు. ఆ సందర్భానికి విల్హెల్మ్ కోగె అనే కళాకారుడు గుస్తావ్స్‌బెర్గ్ పింగాణీ కర్మాగారం కోసం నీలి పూల భోజన పాత్రలు రూపొందించాడు. వాటికి 'కార్మికుల పాత్రలు' అని పేరు వచ్చింది. కాని కార్మికులు వాటిని పెద్దగా కొనలేదు. కొన్నది చదువుకున్న మధ్యతరగతివాళ్లు. రెండేళ్ల తర్వాత, 1919లో, గ్రెగర్ పాల్సన్ నిత్యం వాడే వస్తువులు మరింత అందంగా ఉండాలని చిన్న పుస్తకం రాశాడు. మాట మంచిదే. కాని వస్తువు అందంగా తయారైతే చాలదు. దాన్ని కొనే కూలీ చేతికి రావాలి, పెట్టుకునే గది ఉండాలి, చూసి ఆనందించే తీరిక దొరకాలి. ఈ మూడూ కళాకారుడు ఇవ్వగలిగినవి కావు.

వాటికోసం రాజకీయ పోరాటం కావలసివచ్చింది. 1928లో స్వీడిష్ పార్లమెంటులో సోషల్ డెమొక్రాట్ నాయకుడు పెర్ ఆల్బిన్ హాన్సన్, దేశం ఒక మంచి ఇల్లులా ఉండాలనీ, ఆ ఇంట్లో ముద్దుబిడ్డలూ సవతిబిడ్డలూ ఉండకూడదనీ ప్రసంగించాడు. 1932లో అతను ప్రధాని అయ్యాడు. అప్పటికి దేశం ఎలా ఉన్నది? 1938లో లుడ్విగ్ నూర్డ్‌స్ట్రోమ్ అనే రచయిత ఊరూరా తిరిగి, చలితో, తేమతో, నల్లులతో నిండిన ఇళ్లను గురించి రేడియోలో చెప్పాడు. 'మురికి స్వీడన్' అని పుస్తకం వేశాడు. ఇవాళ మనం ఫోటోలలో చూసే దేశమే అది! 1944లో గృహ పరిశోధన సంస్థ ఒకటి ఏర్పడింది. వంటింటి బల్ల ఎంత ఎత్తున ఉంటే నడుముకు శ్రమ తగ్గుతుందో, ఏ సామాను ఎక్కడ ఉంటే పని సులువవుతుందో అక్కడ శాస్త్రీయంగా పరిశీలించారు. వంట ఆడదాని పనే అన్న ఊహను మాత్రం అప్పటికి ముట్టుకోలేదు. 1965 నుంచి 1974 దాకా పదేళ్లలో సుమారు పదిలక్షల ఇళ్లు కట్టారు. అప్పటికి ఆ దేశ జనాభా ఎనభై లక్షలు మాత్రమే.

పక్క దేశాలలోనూ ఇదే ధోరణి. డెన్మార్క్‌లో వినియోగదారుల సహకార సంఘం 1942లో బోర్గె మోగెన్సెన్‌ను తన ఫర్నిచరు విభాగానికి అధిపతిగా నియమించింది. ఆయన 1947లో చేసిన కుర్చీ, బీచ్ కర్రతో, కాగితపు తాడుతో అల్లినది, 'ప్రజల కుర్చీ' అని పేరు పొందింది. ఫిన్లండ్‌లో ఆల్వార్ ఆల్తో కట్టిన పైమియో క్షయరోగుల ఆసుపత్రి 1933లో పూర్తయింది. మంచం మీద పడుకున్న రోగి కంటితో ఆయన గదిని చూశాడు. దీపపు కాంతి కంట్లో పడకూడదన్నాడు. చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్లు పడ్డా పక్క రోగి నిద్ర చెడకూడదన్నాడు. వంచిన బర్చ్ పలకతో చేసిన కుర్చీ వీపును, రోగి ఊపిరి సులువుగా తీసుకునేలా వాల్చాడు. ఆ కుర్చీ ఇవాళ మ్యూజియాలలో ఉన్నది. దాని వంపు చూసి పరవశించే ప్రేక్షకుడికి, ఆ వంపు ఒక క్షయరోగి ఊపిరితిత్తుల కోసం వచ్చిందని తెలియకపోతే, అతను చూసింది సగమే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ గదుల అందంలో మనిషి పట్ల శ్రద్ధ ఉన్నది. నడుము నొప్పి, ఊపిరి బిగువు, డిసెంబరులో ఆరు గంటలే పగలుండే చీకటి - వీటికి వెతికిన పరిష్కారాలే మన కంటికి అందంగా కనిపిస్తున్నాయి. ఆ శ్రద్ధ అందరికీ అందాలన్న కోరిక కూడా అందులో భాగమే. కనుక ఆ అందాన్ని మెచ్చుకుంటూ ఆ కోరికను కాదనడం కుదరదు.

అయితే పెట్టుబడికి ఈ రెండిటినీ విడదీసే నేర్పు ఉన్నది. ప్రజల కుర్చీ ఇవాళ ప్రజలు కొనేది కాదు. ఖరీదైన దుకాణాలలో అభిరుచికి గుర్తుగా అమ్ముడుపోతున్నది. మరోవైపు, 1943లో స్వీడన్‌లో మొదలైన ఐకియా కంపెనీ ఆ అందాన్ని చవకగా ప్రపంచమంతా అమ్మింది. 2018 ఆగస్టులో మన దేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాదులోనే తెరిచింది. చవకగా అమ్మడం దానికదే నేరం కాదు. కాని ఆ చవకకు వెల ఎవరు కట్టారు? 1980 ప్రాంతాల్లో తూర్పు జర్మనీలో తన సరఫరాదారుల దగ్గర రాజకీయ ఖైదీల చేత పని చేయించారని 2012లో ఆ కంపెనీయే ఒప్పుకుని విచారం వెలిబుచ్చింది. ఖైదీల చేత ఆ పని చేయించిన రాజ్యం తన్ను తాను సోషలిస్టు రాజ్యమని చెప్పుకున్నది. ఆ మాట దాచిపెట్టి పెట్టుబడిని మాత్రమే తిట్టడం విమర్శ అనిపించుకోదు.

స్వీడన్ ప్రయత్నంలోనూ లోపాలు లేకపోలేదు. ఎలా బతకాలో, ఏది అందమో నిపుణులు పైనుంచి చెప్పారు. కార్మికుణ్ణి అడిగినవాళ్లు తక్కువ. 'కార్మికుల పాత్రలు' కార్మికుల ఇళ్లకు చేరకపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి. పదిలక్షల ఇళ్లలో కొన్ని పేటలు కట్టీ కట్టకముందే మార్పులేని కాంక్రీటు వరసలని నిందపడ్డాయి. ఇవాళ స్టాక్‌హోమ్‌లో అద్దె ఇంటి కోసం పేరు రాయించుకున్నవాళ్లు ఏళ్ల తరబడి వేచి ఉంటున్నారు. ఒకసారి సాధించిన హక్కు దానంతట అది నిలిచి ఉండదు.

ద్వీపాల ఇళ్ల విషయం వేరు. అక్కడ ప్రణాళికలు లేవు, నిపుణులు లేరు. ఏజియన్ సముద్రంలోని సాంతోరినిలో కలప దొరకదు. దూలాలు లేవు గనుక కప్పును కమానులా వంచారు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన కొండను తొలిచి గుహల్లాంటి ఇళ్లు చేసుకున్నారు. ఎండను తిప్పికొట్టడానికీ, క్రిములను చంపడానికీ సున్నం కొట్టారు. ఇయా గ్రామంలో ఓడల యజమానులు పైన మేడలలో ఉండేవాళ్లు. ఈ తొలిచిన ఇళ్లలో ఉన్నది నావికులూ కూలీలూ. 1933లో లె కోర్బూజియే మొదలైన ఆధునిక వాస్తుశిల్పులు ఆ సముద్రం మీద ప్రయాణించి, తాము వెతుకుతున్న నిరాడంబరత ఆ ద్వీపాలలో ముందే ఉన్నదని సంబరపడ్డారు.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ఈ ఇళ్లను కట్టిన మేస్త్రీల తెలివిని ఎంత మెచ్చుకున్నా తప్పు లేదు. కాని వాళ్లను ఆ తెలివికి నెట్టిన లేమిని మెచ్చుకోకూడదు. వాన నీటిని తొట్లలో పట్టుకుని పొదుపుగా వాడుకున్న మనిషికి తన బతుకు నిరాడంబర సౌందర్యంగా తోచి ఉండదు. 1956 జూలై 9న వచ్చిన భూకంపంతో సాంతోరినిలో ఎన్నో ఇళ్లు కూలాయి, చాలామంది ఊరు వదిలిపోయారు. 1970ల నుంచి గ్రీసు ప్రభుత్వ పర్యాటక సంస్థ ఇయాలోని కొన్ని ఇళ్లను బాగుచేసి అతిథిగృహాలుగా మార్చింది. ఇవాళ నావికుడు పడుకున్న గుహ విలాసవంతమైన హోటలు గది. ఆ ద్వీపాలకు బదిలీ మీద వచ్చే బడిపంతుళ్లకూ డాక్టర్లకూ అద్దెకు ఇల్లు దొరకడం గగనమైపోయింది. గోడ అదే, సున్నం అదే. అందులో బతికే హక్కు మాత్రం చేతులు మారింది.

కనుక మెప్పు దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎక్కడ ఆగిపోతున్నదన్నదే ప్రశ్న. ఆకారం దగ్గర ఆగిన మెప్పు అనుకరణకు దారి తీస్తుంది. ఆరు గంటల పగలున్న దేశం వెలుతురు కోసం పెట్టుకున్న అద్దాల కిటికీని, మే నెల ఎండ కాసే మన ఊళ్లో పెట్టి, లోపల రోజంతా ఏసీ నడుపుకునే మెప్పు ఇలాంటిదే. నిజానికి మన ఎండకు దగ్గరైనది సాంతోరిని మేస్త్రీ దళసరి గోడ, చిన్న కిటికీ. కారణం దాకా వెళ్లే మెప్పు ఈ తేడా గ్రహిస్తుంది. అక్కడా ఆగకుండా, ఈ శ్రద్ధ అందరికీ ఎందుకు అందలేదని అడిగే మెప్పు ఇంకా ఉత్తమమైనది.

రెండవ వాదం చేసే మిత్రులకు ఒక మాట. పేదలకు ముందు కప్పు, తర్వాత అందం అని మీరంటారు. మాట న్యాయంగానే వినిపిస్తుంది. కాని ప్రభుత్వాలు పేదలకు కట్టే ఇళ్లను గురించి అడిగే ప్రశ్నలు చూడండి: ఎన్ని ఇళ్లు, ఎన్ని చదరపు అడుగులు, ఎంత ఖర్చు. వెలుతురు ఏ వైపునుంచి వస్తుంది, వంటింట్లో పొగ ఎటు పోతుంది, చదువుకునే పిల్ల పుస్తకం ఎక్కడ పెట్టుకుంటుంది అని అడిగేవాళ్లు తక్కువ. ఇవి అందానికి సంబంధించిన ప్రశ్నలే. పేదవాడికి అందం తర్వాత అన్నవాళ్లు, తెలిసో తెలియకో, ఈ ప్రశ్నలన్నిటినీ తర్వాతకే నెడుతున్నారు. ఆ 'తర్వాత' ఎన్నటికీ రాదని మనందరికీ తెలుసు.

మంచి ఇంటిని మనసారా మెచ్చుకుందాం. మెచ్చుకున్నదాన్ని అందరికీ కావాలని అడుగుదాం. అడగడం మానుకున్న రోజున మన మెప్పుకూ దుకాణం అద్దంలోంచి సరుకు చూసే చూపుకూ తేడా ఉండదు.