విగ్రహానికి కాలం ఉందా?

బషీర్‌బాగ్ కూడలిని నడిమధ్యన పెట్టుకుని చుట్టూ చూస్తే, నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే మూడు రకాల దేవుళ్లున్నారు. నౌబత్ పహాడ్ మీద పాలరాతి గుడిలో నిత్యపూజలందుకునే వెంకటేశ్వరస్వామి ఒకరు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ధూపదీపాలు లేకుండా నిలబడ్డ విష్ణువులు, తీర్థంకరులు, బుద్ధులు రెండో రకం. హుస్సేన్ సాగర్ నడుమ ప్రభుత్వం ఊరికి ఆనవాలుగా నిలబెట్టిన బుద్ధుడు మూడో రకం. కళ తన కాలాన్ని చూపిస్తుందన్న మాట బడి పుస్తకాల నుంచీ వింటున్నదే. రాజు పేరు, శతాబ్దం, శైలి అన్న మూడు ముక్కలతో దాన్ని ముగించేయడమూ అలవాటే. కానీ ఎదురుగా ఉన్నది దేవుడైనప్పుడు ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. విగ్రహం తన కాలానికి పుట్టిన బిడ్డే అయితే, అందులో ఉన్నాడని నమ్మే ఆ నిత్యుడి సంగతేమిటి? కాలంతో పనే లేకపోతే, ఆలంపురం చాళుక్య శిల్పికీ ఓరుగల్లు కాకతీయ శిల్పికీ నగల దగ్గరా నడుము దగ్గరా అంత తేడా ఎందుకొచ్చింది? విగ్రహం మీద పడ్డ కాలపు ముద్ర దాని పవిత్రతకు మచ్చ కాదని, ఆ పవిత్రత మనుషుల మధ్యకు వచ్చే దారే అదని నా వాదం. కాకపోతే ఆ కాలాన్ని బొమ్మలోనే వెతికితే సగమే దొరుకుతుంది. ఎవరు ఇచ్చారు, ఎవరు మొక్కారు, ఎవరిని వాకిట్లోనే ఆపేశారు అన్న లెక్కలో మిగతా సగం ఉంది.

అమరావతి స్తూపపు పలక ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి రెండు వైపులా చెక్కడమే. ఒకవైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటిది: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడు మాత్రం లేడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే పలకను తిప్పి రెండో వైపు ఒక స్తూపాన్ని చెక్కారు. ఈసారి ఆ స్తూపం వాకిట బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. ఖాళీ ఆసనం బుద్ధుడికే గుర్తా, లేక ఆ చోటికి వచ్చి మొక్కిన యాత్రికుల చిత్రమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదం ఎటు తేలినా నాకు కావలసింది చెడదు. ధర్మం అదే, స్తూపం అదే, రాయి కూడా అదే. మారిందల్లా భక్తుడు దేన్ని చూస్తే కళ్లు నిండుతాయన్నది. అమరావతి శాసనాల్లో మరో సంగతి ఉంది. నిండుకుండ చెక్కిన పలకను విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి దానమిచ్చినట్టు ఒక శాసనం చెబుతోంది. తోలుపని చేసే మనిషి తన వృత్తిని దాచుకోకుండా పేరుతో సహా మహాస్తూపం మీద రాయించుకోగలిగాడు. ఆ పూర్ణఘటం ఎంత అందంగా ఉందన్నదాని కన్నా, దాని పక్కనున్న ఆ నాలుగు ముక్కలే ఆ కాలపు సమాజాన్ని ఎక్కువగా పట్టిస్తాయి. తర్వాతి వందల ఏళ్లలో కట్టిన గొప్ప గొప్ప గుళ్ల గడప ఆ వృత్తివాళ్లు తొక్కకూడదన్నారు. శైలి పేర్లు ఎన్ని నేర్చుకున్నా ఈ మార్పు మనకు అందదు.

రాజు మతమే ఆ కాలపు కళ అన్న తేలిక సూత్రం కూడా నిలవదు. నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దాత. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు స్తూపానికి స్తంభాలు నిలబెట్టింది. అక్కడి శిల్పం ఏ మతపు కాలాన్ని చూపిస్తోందని అడిగితే ఏమని చెబుతాం? ఇలాంటి చిక్కే నాంపల్లిలోనూ ఉంది. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. 1914లో హైదరాబాద్ పురావస్తు శాఖ ఏర్పడ్డాక దాని అధిపతి గులాం యజ్దానీ ఆ గుహల బాధ్యత తీసుకున్నారు. ఇటలీ నుంచి నిపుణులను రప్పించి, పెచ్చులూడిపోతున్న రంగులను నిలబెట్టే పని చేయించారు. సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ అనే చిత్రకారులు ఆ బొమ్మలకు నకళ్లు గీశారు. ఆ నకళ్లు నాంపల్లి మ్యూజియంలో ఉన్నాయి. ప్రభువు ముస్లిం, పండితుడు ముస్లిం, చిత్రకారులు ముస్లింలు, బొమ్మలు జాతక కథలవి. దీన్ని మతసామరస్యం అన్న ఒక్క మాటతో మూటగట్టేయడం నాకు నచ్చదు. ప్రాచీన శిల్పాలను కాపాడటం నాగరిక ప్రభుత్వ లక్షణమని తెల్లదొరలు ప్రచారం చేసిన రోజులవి. సంస్థానాధీశులకు ఆ మర్యాద అవసరమైంది. అంతమాత్రాన చీకటి గుహలో కూర్చుని పద్మపాణి కనుబొమ్మను అచ్చంగా దింపిన చేతి శ్రద్ధ అబద్ధం కాదు. రాజుకు కావలసింది రాజు పొందాడు, చిత్రకారుడికి దొరికింది చిత్రకారుడికి దొరికింది. ఒకే బొమ్మలో రెండూ ఉన్నాయి.

ఇక్కడ కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి దారిలో ఆలోచించేవారు అడ్డం పడతారు. సంప్రదాయ శిల్పి తన సొంత ముద్ర కోసం చెక్కలేదు, ధ్యానశ్లోకం చెప్పిన రూపాన్ని మనసులో నిలుపుకుని చెక్కాడు, కాబట్టి ఆ కళ కాలానికి లోబడదు అంటారు. ఈ మాటలో సగానికి పైగా నిజముందని ఒప్పుకోవాలి. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ముఖానికి శరీరానికి కొలత ఎంత అన్నవి శిల్పి ఇష్టానికి వదిలినవి కావు. అయినా కాస్త అలవాటు పడ్డ కన్ను చాళుక్య విగ్రహాన్నీ కాకతీయ విగ్రహాన్నీ దూరం నుంచే వేరుచేస్తుంది. శాస్త్రం ఆయుధాన్ని చెప్పింది గానీ మొలనూలు ఎన్ని పేటలుగా జారాలో ఆ కొలతతో చెప్పలేదు. కాకతీయ శిల్పి నల్లరాతిని వెండి తీగలా సన్నగా చెక్కి ఆ నగల్లో తన కాలపు కంసాలి పనిని పెట్టాడు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో మదనికల సొగసు ఏ ధ్యానశ్లోకం లోంచీ నేరుగా రాలేదు. శాస్త్రం వదిలిన సందుల్లోంచే కాలం లోపలికొస్తుంది. శాస్త్రాన్ని కాదన్న చోట కన్నా, పాటించిన చోటే ఆ సందులు బాగా తెలుస్తాయి.

నిజమైన ఆక్షేపణ పండితుడిది కాదు, భక్తుడిది. దేవుడి విగ్రహాన్ని దాతలూ కులాలూ రాజకీయాల లెక్కగా చూస్తే అందులో దేవుడికి మిగిలేదేమిటి అని ఆయన అడుగుతాడు. ఈ ప్రశ్నకు జవాబు చరిత్రకారుడి దగ్గర కాదు, వైష్ణవ సిద్ధాంతంలోనే ఉంది. పాంచరాత్రం భగవంతుడికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని అయిదు స్థితులు చెప్పింది. అర్చారూపంలో ఆయన భక్తుడు ఎంచుకున్న లోహంలో, భక్తుడు చెప్పిన చోట, భక్తుడు నీళ్లు పోసినప్పుడు స్నానం చేస్తూ ఉంటాడని శ్రీవైష్ణవులు నమ్ముతారు. పరతంత్రుడై ఉండటమే ఆయన సౌలభ్యం. విగ్రహానికి ఆవాహన ఉంది, ప్రతిష్ఠ ఉంది, ఉద్వాసన కూడా ఉంది. అంటే విగ్రహం ఒక రోజు మొదలై మరో రోజు ముగియవచ్చని ఆగమమే ఒప్పుకుంది. కాబట్టి కాలం పేరు ఎత్తగానే విశ్వాసం కరిగిపోతుందన్న భయం మన సంప్రదాయంలోంచి వచ్చింది కాదు. నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరాన్నే చూడండి. 1976లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి రంగనాథానంద ప్రతిష్ఠ చేశారు. రాజస్థాన్ పాలరాయి, లోపల గ్రానైట్ మూర్తి, గోడల మీద అన్ని మతాల సూక్తులు. ధ్యానానికి అనువుగా ఉండాలని గంటలు పెట్టలేదు. ఒకప్పుడు నగారాలు మోగిన గుట్ట అది! నిశ్శబ్దం, సర్వమత సూక్తులు, పారిశ్రామికవేత్త ధనం, అందరికీ తెరిచిన తలుపు: ఇరవయ్యో శతాబ్దపు సంస్కర్తల హిందూమతం మొత్తం అక్కడుంది. అన్ని కులాలకూ ప్రవేశం ఉంటేనే ప్రారంభిస్తానని 1939లో ఢిల్లీ బిర్లా మందిరం దగ్గర గాంధీ పెట్టిన షరతు ఈ మెట్ల దాకా వచ్చింది. ఆ మెట్లెక్కే భక్తుడికి ఇదేమీ అడ్డం రాలేదు. స్వామి తక్కువ కాలేదు, వాకిలి పెద్దదైంది.

మరో వైపు నుంచి మార్క్స్ వేసుకున్న ప్రశ్న ఉంది. గ్రీకుల కళ వాళ్ల సమాజంలోంచే పుట్టిందని చెప్పడం కష్టం కాదు, అది ఇప్పటికీ మనకెందుకు నచ్చుతోందో చెప్పడమే కష్టం అని 1857 నాటి రాతప్రతిలో ఆయన అన్నాడు. మానవజాతి బాల్యం మీద మమకారం వల్ల అన్న ఆయన జవాబు బలహీనమైనది. శాతవాహనుల నాటి వాళ్లను పిల్లలనుకోవడానికి నాకైతే ఏ కారణమూ కనిపించదు. విధికుడు ఆ పలకలో పుణ్యాన్ని చూశాడు, మనం రేఖను చూస్తున్నాం. అంటే మనకు నచ్చుతున్నది అతనికి నచ్చినదే కాకపోవచ్చు. అయినా ఇంటిల్లిపాది పేర్లూ కలిపి రాయించుకోవాలన్న కోరిక మనకు వివరించి చెప్పనక్కర్లేదు. పరాయితనం, సొంతతనం రెండూ ఒకేసారి తగలడమే ఆ ఆకర్షణ.

అయితే ఈ సాక్ష్యమంతా రాతిది. మ్యూజియం దాచగలిగింది చాలావరకు రాయినీ కంచునే. ఆషాఢంలో పసుపు పూసి వేపమండలు కట్టి ఎత్తుకెళ్లే బోనం కుండ పండగతో ముగిసిపోతుంది. పోచమ్మ రాయికి శతాబ్దం చెప్పేవాళ్లు లేరు. చేర్యాల నకాశీలు ఒక్కో కులానికి ఆ కులపు పురాణాన్ని గుడ్డ మీద బొమ్మలుగా వేసిచ్చారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ కథ చెప్పినట్టే, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతూ వచ్చారు. గుడి గడప దగ్గర ఆగిపోయిన వాళ్లు సృష్టి కథనే తమ ఇంటి నుంచి మొదలుపెట్టి చెప్పుకున్నారు. విధికుడి వృత్తివాళ్ల కళ ఎక్కడికి పోయిందని వెతికితే అది కనిపించేది అక్కడే. రాతి కళనే చూసి ఒక యుగాన్ని అంచనా వేస్తే, దాతల స్థోమతను ఆ యుగపు విశ్వాసంగా పొరబడతాం.

హుస్సేన్ సాగర్ బుద్ధుడి కథ తిరగబడ్డ కథ. రాయగిరి దగ్గర ఏకశిలగా తొలిచిన ఆ విగ్రహం ఎన్టీ రామారావు ప్రభుత్వపు సంకల్పం. అమెరికాలో స్వాతంత్ర్య దేవత విగ్రహాన్ని చూసి అలాంటిది మనకూ ఉండాలని ఆయన అనుకున్నారు. 1990 మార్చిలో తరలించేటప్పుడు ఒరిగి నీళ్లలో పడింది, మనుషులు చనిపోయారు. 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. అయిదు రోజుల తర్వాత అయోధ్యలో మసీదు కూల్చారు. ఆ వారంలో ఈ దేశపు కాలం రెండు ముఖాలూ చూపించింది. పూజకు కాక తెలుగువారి గర్వానికి గుర్తుగా నిలబెట్టిన ఆ రాతికి 2006లో దలైలామా ప్రతిష్ఠ చేశారు. నాంపల్లిలో పూజ పోయి దేవుడు కళాఖండమయ్యాడు, ఇక్కడ ప్రభుత్వ విగ్రహానికి మతసంస్కారం అందింది. ఇంతకు చాలా ముందే, గత శతాబ్దం మొదట్లోనే, దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలో ఆది హిందువులతో బుద్ధ జయంతి చేయించారు. నీళ్లలో బుద్ధుడికి అసలు వారసత్వం కావాలంటే న్యూయార్క్ కన్నా అక్కడ వెతకడం మేలు.

మ్యూజియం చీటీ మీద శతాబ్దం, శైలి రాస్తే చాలదు. ఏ ఊరి నుంచి తెచ్చారు, ఇచ్చినవారెవరు, అక్కడ పూజ ఎప్పుడు ఆగింది, ఇవి తెలిసిన మేరకు తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టమని పురావస్తు శాఖను అడగాలి. చరిత్ర విద్యార్థులకే కాదు, ఆ విగ్రహాల ముందు అలవాటుగా చేతులు జోడించే వాళ్లకూ అది కావాలి.